సున్నపు బట్టీ మలుపులో వెండి తుపాకీ

సున్నపు బట్టీ మలుపు దగ్గర చీకటి పడ్డాక ఎవరూ ఆగరు.

మా ఫెర్లాఖ్‌లో తుపాకులు చేసేవాళ్ళున్నారు, కొనేవాళ్ళున్నారు, వాటి గురించి కోతలు కోసేవాళ్ళు అంతకంటే ఎక్కువమంది ఉన్నారు. అందరూ మొనగాళ్ళే. కానీ పొద్దు వాలాక ఆ మలుపు దాటి కొండెక్కాలంటే మాత్రం ఒక్కొక్కడికీ ఇంట్లో ఏదో అర్జెంటు పని గుర్తొస్తుంది.

ఎప్పుడో సున్నం కాల్చిన బట్టీ అది. అడవి మధ్యలో దారిని ఆనుకుని ఉంటుంది. పైకప్పు లేదు. లోపల నల్లగా, బావిలా... అందులో ఎవరో పడి చచ్చిపోయారని కొందరంటారు. పడలేదు, తోసేశారని కొందరు. ఒకాయనకి లాంతరు కనపడిందట. ఇంకొకాయన కుక్క అక్కడ నాలుగు కాళ్ళూ బిగించి ముందుకి నడవలేదట. ఆయన కుక్కని తిట్టాడు. తిట్టి, దానితోపాటే వెనక్కొచ్చేశాడు.

ప్రీముస్‌కి జరిగింది వేరు. నేను చూడలేదు. ఆయన భార్య బుర్గి చెప్తే విన్నాను. బుర్గి చెప్పిందంటే ఇక ఊళ్ళో విననివాళ్ళు లేరనే లెక్క.

ప్రీముస్ పని తుపాకులకి నగలు చేయడం. గొట్టం ఒకరు చేస్తారు, అక్రోటు కర్ర ఒకరు చెక్కుతారు. పైన మెరిసే వెండి, కొమ్ము, ఎముక సామానంతా ప్రీముస్ చేసి బిగిస్తాడు. ట్రిగ్గర్ చుట్టూ కడియం, పిడి అడుగున బిళ్ళ, భుజం పట్టీ తగిలించే కొక్కేలు. నక్క కావాలంటే నక్క, గుడ్లగూబ కావాలంటే గుడ్లగూబ. ఒకాయన పిడి బిళ్ళ మీద వాళ్ళ అత్తగారి మొహం చెక్కించుకున్నాడు. గురి బాగా కుదురుతోందని మళ్ళీ వచ్చి థాంక్స్ కూడా చెప్పాడు.

ఇన్ని తుపాకుల్ని సింగారించిన ప్రీముస్ ఒక్క దుప్పిని కూడా కొట్టలేదు.

వేట పరీక్ష పాసయ్యాడు. కాగితం అద్దం కట్టించి గోడకి తగిలించాడు. కానీ అడవిలో వేటాడే హక్కు కౌలు ఉన్నోళ్ళది. వాళ్ళు పిలిస్తేనే వెళ్ళాలి. పిలిచేవాళ్ళు పాపం, పిలవకుండా లేరు. ఒక కర్ర చేతికిచ్చి పొదలు బాదమనేవాళ్ళు. హో, హో అని అరుస్తూ జంతువుల్ని పెద్దమనుషుల వైపు తోలమనేవాళ్ళు. ప్రీముస్ వాళ్ళ నాన్నా బతికినన్నాళ్ళూ అదే చేశాడు. అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు. ఒక్క తూటా పేల్చకుండానే పోయాడు.

అలాంటి ప్రీముస్ షాపుకి ఒకరోజు డైరెక్టర్ క్రాస్నిగ్ వచ్చాడు. చెక్క పలకలు కోసే మిల్లు ఆయనదే. కొండ మీద అడవి కౌలూ ఆయనదే.

"ప్రీముస్, నాకు మామూలు తుపాకీ వద్దయ్యా. చూడగానే మనిషి తెలియాలి."

"ఎవరండీ మనిషి?"

"నేనే."

అలా మొదలైంది. పిడి బిళ్ళ మీద వెండిలో డైరెక్టర్ గారి మొహం, గడ్డం పైకెత్తి. ట్రిగ్గర్ చుట్టూ పరిగెత్తే నక్క, దాని తోకే కడియం. పట్టీ కొక్కేలు రెండు ముంగిసలు... నోటితో పట్టీని కరుచుకుని వేలాడతాయి. నడుస్తుంటే ఆ ముంగిసలు టింగుటింగుమంటాయి. వేటకి వెళ్ళేవాడు దగ్గు కూడా మింగుకుంటాడు. డైరెక్టర్ గారు మాత్రం పాలబండిలా మోగుతూ వెళ్తారన్నమాట.

బుర్గి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీనికి తూటాలు దండగ ప్రీముస్. చూపిస్తే చాలు, దుప్పి నవ్వి నవ్వి చస్తుంది."

అసలు సంగతి ఇంకా ఉంది. కర్ర మీద దుప్పి కోరపళ్ళు జంటలు జంటలుగా పొదగాలి. ఒక్కో జంట కింద చిన్న వెండి రేకు. దాని మీద 'క్రాస్నిగ్ కొట్టాడు' అని చెక్కాలి.

మా దగ్గర ఆ పళ్ళంటే ఆషామాషీ కాదు. కొట్టినవాడే పెట్టుకోవాలి. లేదా కొట్టి తెచ్చి పెళ్ళానికి ఉంగరం చేయించాలి. ఇంకొకడు కొట్టిన దుప్పి పళ్ళు పెట్టుకుని తిరిగేవాణ్ణి ఏ వేటగాడూ బల్ల దగ్గర పక్కన కూర్చోనివ్వడు.

డైరెక్టర్ గారి దుప్పుల్ని కొట్టింది గాష్పర్. ఆయన దగ్గర జీతానికున్న అడవి కాపలాదారు. పద్ధతి ఏంటంటే, మంచె మీద డైరెక్టర్ గారు "ఒకటి, రెండు, మూడు" అని గుసగుసగా లెక్కపెట్టి పేలుస్తారు. అదే క్షణంలో వెనకనుంచి గాష్పర్ కూడా పేలుస్తాడు. ఒక తూటా దుప్పికి, ఒక తూటా చెట్టుకి. ఏది ఎవరిదో అడగడం మర్యాద కాదు. ఆ మంచె పక్క చెట్లని డైరెక్టర్ గారి సొంత మిల్లులోనే వద్దంటారు. కోస్తుంటే లోపల తూటాలు తగిలి రంపం పాడవుతోందట.

ఇదంతా ఊరంతటికీ తెలుసు. ఆయనకీ తెలుసు. వెండి మీద చెక్కించేస్తే నిజమైపోతుందని ఆశ, అంతే.

ప్రీముస్ ఉలి పక్కన పెట్టేశాడు. పని చూడ్డానికొచ్చిన డైరెక్టర్ గారు అది కనిపెట్టాడు.

"శనివారం సాయంత్రానికి తుపాకీ నా వేట గుడిసెకి తెచ్చియ్యి. ఆదివారం తెల్లారి నా మంచె మీద నువ్వు కూర్చుందువుగాని. ఏ దుప్పి వస్తే అది నీది."

ప్రీముస్ మళ్ళీ ఉలి పట్టుకున్నాడు. అన్ని రేకుల మీదా చెక్కాడు. అందంగా చెక్కాడు కూడా.

శనివారం మధ్యాహ్నం బిగిస్తుంటే నక్క తోక విరిగింది. దాన్ని అతికి, సానపట్టి, మళ్ళీ బిగించేసరికి కొండ మీద ఎండ పోయింది.

"రేపు వెళ్ళొచ్చు కదా," అంది బుర్గి.

"రేపు తెల్లారేసరికి మంచె మీద ఉండాలి."

"మరి బట్టీ?"

"బట్టీ ఏం చేస్తుందే, కరుస్తుందా?"

"అంత ధైర్యవంతుడివి, టార్చిలైట్లు రెండెందుకు పెట్టుకున్నావ్?"

ప్రీముస్ తుపాకీ భుజాన వేసుకుని బయటపడ్డాడు.

దారి పొడుగునా ముంగిసలు మోగుతూనే ఉన్నాయి. టింగు... టింగు... పొగమంచు కిందికి దిగుతోంది. దుప్పులు ఆడవాటి కోసం అరిచే రోజులవి. దూరంగా ఒకటి అరిచింది. ఇంకోటి జవాబిచ్చింది. ప్రీముస్‌కి ఒళ్ళు పులకరించింది. అందులో ఒకటి తనది... రేపు పొద్దున్న తనది.

అలా అనుకున్నాక చేసిన పనే ఆయన కొంప ముంచింది. టార్చి ఆర్పేశాడు. వెలుగు చూసి దుప్పి బెదిరిపోతుందని. రెండోది సంచిలోంచి తియ్యనే లేదు.

చీకట్లో తడుముకుంటూ మలుపు తిరిగాడు.

దుప్పుల అరుపులు ఆగిపోయాయి.

ఒక్కసారిగా... ఎవరో తలుపు వేసేసినట్టు.

బట్టీ నోట్లోంచి చల్లగాలి వచ్చి మొహానికి కొట్టింది. తడి బూడిద వాసన. ప్రీముస్ ఆగాడు. ఆగకూడదని తెలుసు. కాళ్ళకి తెలీలేదు.

టింగు.

ప్రీముస్ కదల్లేదు. ముంగిస కదిలింది.

అప్పుడు వినపడింది —

"ఎవరు కొట్టారు?"

కోపంగా కాదు. పోస్టాఫీసు కిటికీలోంచి పేరడిగినట్టు, మామూలుగా. అదే ఎక్కువ భయమేసింది.

"డై... డైరెక్టర్ క్రాస్నిగ్ గారండీ," అన్నాడు ప్రీముస్.

నిశ్శబ్దం.

"ఎవరు కొట్టారు?"

ఇంకాస్త దగ్గరగా. ఎడమ చెవి పక్కనే.

"రేకు మీద అలాగే ఉందండీ... నేనే చెక్కాను..."

ఈసారి భుజం మీద తుపాకీ బరువు మారింది. ఎవరో కర్ర మీద వేలు పెట్టి, ఒక్కో పన్నూ తడుముతున్నట్టు... టిక్... టిక్... టిక్... చివరిదాకా వచ్చి వేలు ఆగింది.

"ఎవరు కొట్టారు?"

"గాష్పర్!" అని అరిచేశాడు ప్రీముస్. "అన్నీ గాష్పరే కొట్టాడు! డైరెక్టర్ గారు చెట్లని కొట్టారు. దుప్పి ఇటుంటే ఆయన అటు కొట్టారు. ఊరందరికీ తెలుసు. నాకూ తెలుసు. తెలిసే చెక్కాను..."

తర్వాత మెల్లిగా అన్నాడు —

"మంచె ఇస్తానన్నాడండీ. ఒక్క దుప్పి. మా నాన్నకి కూడా దొరకలేదు... అందుకని చెక్కాను."

బట్టీ వెనకనుంచి ఎక్కిళ్ళు వినపడ్డాయి.

తర్వాత టార్చి వెలుగు వచ్చి మొహం మీద పడింది. వెలుగు వెనక డైరెక్టర్ క్రాస్నిగ్. ఆయన పక్కన బేకరీ ఫెర్డీ, ఒక చేతిలో ఇనప గొలుసు, ఒక చేతిలో దుప్పిలా కూత పెట్టడానికి ఊదే ఎద్దు కొమ్ము. ఇద్దరి దగ్గరా పియర్ పళ్ళ సారా వాసన గుప్పుమంటోంది.

తమతో మొదటిసారి వేటకొచ్చేవాణ్ణి ముందురోజు రాత్రి బట్టీ దగ్గర భయపెట్టడం వాళ్ళ వేట సంఘం ఆనవాయితీ. పెద్దమనుషుల సరదా కదా, గొలుసులు ఉంటాయి.

"చెట్లనా?" అన్నాడు డైరెక్టర్ గారు. "నేను... చెట్లనా?"

ఫెర్డీ నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆపుకుందామని కొమ్ము నోటికి అడ్డం పెట్టుకున్నాడు. నవ్వు కొమ్ములోంచి వచ్చింది. కొండంతా పొట్ట పట్టుకుని నవ్వినట్టయింది.

"నోర్ముయ్ ఫెర్డీ! ఒరేయ్ ప్రీముస్, నీ ఆదివారం అయిపోయింది. మంచె లేదు, దుప్పి లేదు. తుపాకీ ఇక్కడ పెట్టి ఇంటికి పో."

ప్రీముస్‌కి ఏడుపొక్కటే తక్కువ.

"మీరు అడిగితేనే కదండీ చెప్పాను..."

"నేనేం అడిగాను?"

"ఎవరు కొట్టారని. మళ్ళీ మళ్ళీ అడిగారు కదా."

ఫెర్డీ కొమ్ము దించాడు.

"మేమింకా మొదలే పెట్టలేదురా," అన్నాడు. ఎక్కిళ్ళు ఆగిపోయాయి. "నాకు ఎక్కిళ్ళొస్తే తగ్గేదాకా ఆగాం. ఈలోపు నువ్వొచ్చి నిలబడి, నీలో నువ్వే మాట్లాడుకోడం మొదలెట్టావ్. నీ గొంతొక్కటే వినపడింది."

ముగ్గురూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు.

"గాష్పర్ గాడు," అన్నాడు డైరెక్టర్ గారు. ఆయన గొంతులో డైరెక్టర్ కాస్త తగ్గాడు. "వాడే లోపల దూరాడు. రారా బయటికి!"

బట్టీలోకి టార్చి వేశాడు. లోపల నిండా దురదగొండి. నడుం ఎత్తు, నిటారుగా. ఒక్క ఆకు వంగలేదు.

అక్కణ్ణుంచి గుడిసెకి ముగ్గురూ నడిచే వెళ్ళారని, పరిగెత్తలేదని ఫెర్డీ ఇప్పటికీ ఒట్టేస్తాడు. గుడిసెకి చేరేసరికి ఆయన కాలికి ఒక బూటు లేదు. ఇంటికి పొమ్మన్న ప్రీముస్‌ని ఎవరూ ఇంటికి పొమ్మనలేదు. తలా ఒక దిక్కు అయిపోకుండా ముగ్గురూ కలిసి చేరితే చాలనుకున్నారు.

గుడిసెలో పొయ్యి వెచ్చగా మండుతోంది. గాష్పర్ మేజోళ్ళతో నిలబడి, మోచేతుల దాకా పిండితో, జున్ను పెట్టి కజ్జికాయల్లాంటివి మడుస్తున్నాడు. అప్పటికే పళ్ళెం నిండిపోయింది. ఒక వాయి ఉడుకుతోంది కూడా.

"నువ్వు ఎక్కడున్నావురా?"

"ఇక్కడే సార్. మీరే కదా, నువ్వు రాకు, నీకు నవ్వాగదు, వంట చెయ్యి అన్నారు."

డైరెక్టర్ గారు కూలబడ్డారు. ప్రీముస్ తుపాకీని బల్ల మీద పెట్టాడు. పొయ్యి వెలుగులో కోరపళ్ళు మెరిశాయి. బల్లకి ఆ వైపు ఎవరూ కూర్చోలేదు.

డైరెక్టర్ గారు గొంతు తగ్గించి అడిగాడు.

"గాష్పర్... అన్నీ నువ్వేనా?"

"ఏవి సార్?"

"దుప్పులు."

గాష్పర్ పొయ్యి వంక చూశాడు. దూలం వంక చూశాడు. జీతం ఇచ్చేవాడు నిజం అడిగితే ఎవరికైనా ఇబ్బందే.

"ఒకదానికి మీ తూటా తగిలిందేమో సార్," అన్నాడు దయగా. "కొమ్ము కొస విరిగింది."

ఆ రాత్రి డైరెక్టర్ గారు కజ్జికాయ ముట్టలేదు. ఫెర్డీ మాత్రం తిన్నాడు. భయమేస్తే ఆకలెక్కువట ఆయనకి.

ఇంకా చీకటుండగానే గాష్పర్ లేపాడు. డైరెక్టర్ గారు దుప్పటి కప్పుకునే ఉన్నాడు.

"మోకాలు పట్టేసిందిరా," అన్నాడు.

మంచెకి వెళ్ళాలంటే మళ్ళీ బట్టీ పక్కనుంచే దారి. మోకాలికి ఆ విషయం తెలిసినట్టుంది.

"ప్రీముస్, ఎలాగూ వచ్చావ్. నువ్వే వెళ్ళు."

"గాష్పర్ వస్తాడాండీ నాతో?"

"గాష్పర్ నా దగ్గరుండాలి. మోకాలికి."

"మరి తుపాకీ?"

"తీసుకుపో. నా కళ్ళ ముందుంచకు."

ప్రీముస్ గుమ్మంలో నిలబడ్డాడు. బయట చీకటి. ఇంటికి వెళ్ళాలన్నా అదే దారి, మంచెకి వెళ్ళాలన్నా అదే దారి. ఇల్లు తెల్లారాక కూడా ఉంటుంది. మంచె మళ్ళీ దొరకదు. జేబురుమాలు చింపి ముంగిసల నోళ్ళు కట్టేశాడు. మిగిలిన ముక్క డైరెక్టర్ గారి వెండి మొహానికి చుట్టాడు. జీవితంలో మొదటిసారి ఆ మొహం మెరవలేదు, ఆ తుపాకీ మోగలేదు.

బట్టీ దగ్గర ఆగాడు. ఈసారి కావాలనే ఆగాడు. టోపీ తీశాడు.

"ఇవాళ నేనే కొడతానండీ," అన్నాడు నెమ్మదిగా. "అడిగితే అదే చెప్తాను."

ఏం వినపడలేదు. దురదగొండి ఆకుల మీంచి మంచు కారుతున్న చప్పుడు, అంతే.

మంచె ఎక్కి కూర్చున్నాడు. తుపాకీ ఒళ్ళో పెట్టుకున్నాడు. కింద మైదానం తెల్లగా పొగమంచు. తూర్పున కొండ అంచు మెల్లిగా బూడిద రంగుకి తిరిగింది. గడ్డిపోచలు ఒక్కొక్కటే కనపడసాగాయి.

దుప్పి వచ్చింది.

ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీదు. చూసేసరికి ఉంది. కొమ్ముల మీద పొగమంచు వేలాడుతోంది. తల ఎత్తి మంచె వైపే చూసింది. పారిపోలేదు.

ఒకటి రెండు మూడు లేదు. ప్రీముస్ ఊపిరి బిగబట్టి నొక్కాడు.

చప్పుడు కొండలన్నీ తిరిగొచ్చింది. దుప్పి మోకాళ్ళ మీద వంగింది... పక్కకి ఒరిగింది... ఇక లేవలేదు. అక్కడున్నది ఒక్క ప్రీముస్. పేలింది ఒక్క తూటా. ఆయన నవ్వాడో ఏడ్చాడో ఆయనకే తెలీదు. నాన్నా అని మాత్రం ఒకసారి పైకే అన్నాడు.

మా దగ్గర దుప్పి పడగానే దాని పళ్ళ జోలికీ వెళ్ళరు, కొమ్ముల జోలికీ వెళ్ళరు. ముందు చివరి ముద్ద పెడతారు. దగ్గర్లో ఉన్న చెట్టునుంచి పచ్చి రెమ్మ విరిచి దాని నోట్లో పెట్టడం. కొట్టినవాడే పెట్టాలి. ఇంకెవరి చెయ్యీ తగలకూడదు. పెట్టాక రెండో రెమ్మ తన టోపీలో గుచ్చుకోవాలి. ఆ రెమ్మతో ఇంటికి నడిచి వస్తే, ఇక ఎవరూ వాణ్ణి పొదలు బాదమనరు.

ప్రీముస్ ఇన్నేళ్ళూ ఇంకొకళ్ళు పెడుతుంటే దూరంగా నిలబడి చూశాడు. ఎలా విరవాలో తెలుసు, ఎలా పట్టుకోవాలో తెలుసు. మంచె దిగి, దేవదారు కొమ్మ వంచి, రెండు రెమ్మలు విరిచాడు. గడ్డిలో నడిచి దుప్పి దగ్గరకెళ్ళాడు. టోపీ తీసి పక్కన పెట్టాడు. మోకాళ్ళ మీద కూర్చుని, ఒక చేత్తో దాని దవడ మెల్లిగా తెరిచాడు.

నోట్లో రెమ్మ ఉంది.

పచ్చి దేవదారు రెమ్మ. అడ్డంగా, పద్ధతిగా పెట్టి ఉంది. అప్పుడే విరిచినట్టుంది. విరిచిన చోట జిగురు ఇంకా కారుతోంది.

ప్రీముస్ తల ఎత్తి చుట్టూ చూశాడు. మైదానం నిండా మంచు పట్టిన గడ్డి, చెక్కుచెదరకుండా తెల్లగా ఉంది. అందులో మనిషి అడుగులు ఒక్క వరసే.

మంచె నుంచి దుప్పి దాకా... ప్రీముస్‌వి.